జకాత్ లెక్క ఎలా వేయాలి, ఎవరికి ఎలా ఇవ్వాలి: గోదావరి డెల్టా కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

నలభైలో ఒక వంతు, అంటే నూటికి రెండున్నర రూపాయలు. ముస్లింలు ఏటా తమ సంపదలోంచి పేదలకు విధిగా ఇవ్వవలసిన జకాత్ గురించి ఈ మాట తెలియని ముస్లిం ఇల్లు డెల్టాలో ఉండకపోవచ్చు. చిక్కంతా ఆ నలభై భాగాలు దేనిని చేయాలన్న దగ్గరే వస్తుంది. ఇక్కడి సంపద బ్యాంకు ఖాతాలో ఒకే అంకెగా కనిపించదు. కొంత గాదెలో ధాన్యంగా, కొంత చెరువులో రొయ్యగా, కొంత చీటీలో, కొంత ఇల్లాలి మెడలో కాసులుగా, మరికొంత తాకట్టులో ఉంటుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో గుణింతాల కంటే జాబితా తయారీకే ఎక్కువ చోటు ఇచ్చాను. జాబితా సరిగా ఉంటే చివరి లెక్కకు రెండు నిమిషాలు చాలు.

ఇక్కడి మసీదులలో ఎక్కువగా అనుసరించేది నాలుగు మద్హబులలో, అంటే సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాలలో, ఒకటైన హనఫీ మద్హబ్ కనుక, వేరుగా చెప్పిన చోట తప్ప, నియమాలన్నీ ఆ పద్ధతిలోనే ఇచ్చాను. మీరు షాఫయీ పద్ధతినో మరొక పద్ధతినో పాటించేవారైతే మొదటి నుంచి చివరి వరకు దానినే పాటించండి. బంగారానికి ఒక మద్హబ్, అప్పులకు మరొక మద్హబ్ ఎంచుకుని మొత్తం తగ్గించుకోవడం సరైన పద్ధతి కాదు.

1. ముందుగా మూడు ఖాతాలు వేరు చేయండి

ఒక నోటు పుస్తకంలో మూడు పేజీలు తీసుకోండి.

- మొదటి పేజీ: జకాత్. నగదు, బంగారం, వెండి, వ్యాపార సరుకుపై ఏడాదికి ఒకసారి రెండున్నర శాతం.
- రెండవ పేజీ: ఉష్ర్. పొలం, తోట పంటపై, పంట చేతికి వచ్చిన ప్రతిసారీ పది శాతం లేదా ఐదు శాతం.
- మూడవ పేజీ: ఫిత్రా. రంజాన్ పండుగ నమాజుకు ముందు మనిషికి ఇంత అని ఇచ్చేది.

ఈ మూడింటినీ కలిపి "రంజాన్‌లో ఇంత ఇచ్చాం" అని సరిపెట్టుకోవడమే తరచుగా కనిపించే మొదటి పొరపాటు. ఫిత్రా ఇచ్చినంత మాత్రాన జకాత్ తీరదు, జకాత్ ఇచ్చినందువల్ల పంట మీద హక్కు తీరదు. ప్రభుత్వానికి కట్టిన ఆదాయపు పన్ను ఈ మూడింటిలో దేనికీ ప్రత్యామ్నాయం కాదు.

2. జకాత్ తేదీని స్థిరపరచుకోండి

మీ చేతిలో నిసాబ్ విలువ, అంటే జకాత్ వర్తించే కనీస సంపద, మొదటిసారి చేరిన హిజ్రీ తేదీయే మీ జకాత్ తేదీ. ఆ రోజు గుర్తు లేకపోతే, బాగా ఆలోచించి దానికి దగ్గరగా అనిపించిన ఒక తేదీని ఎంచుకుని, ప్రతి ఏడాదీ దానినే ఉంచుకోండి. రంజాన్ నెలలో పుణ్యం ఎక్కువన్న ఆశతో చాలామంది రంజాన్ ఒకటవ తేదీని పెట్టుకుంటారు. అది నిబంధన మాత్రం కాదు.

ఈ సంవత్సరం చాంద్రమానం, అంటే సుమారు 354 రోజులు. ఇంగ్లీషు క్యాలెండరుతో పోలిస్తే మీ తేదీ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక ఏడాది అది సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బు చేతిలో ఉన్న సంక్రాంతి రోజుల్లో రావచ్చు, కొన్నేళ్ళ తరువాత చేతిలో చిల్లిగవ్వ లేని నాట్ల సమయంలో రావచ్చు. రెండూ మామూలే, డబ్బు తక్కువగా ఉన్న నెలకు తేదీని మార్చుకోవడం మాత్రం కుదరదు. దుకాణం లెక్కలన్నీ మార్చి 31నే ముగిసే కారణంగా సౌరమానం తప్పనిసరైన వ్యాపారులు 2.5కు బదులు 2.577 శాతం లెక్కిస్తే ఆ తేడా సరిపోతుంది.

ప్రతి రూపాయి మీద విడివిడిగా ఏడాది గడవాలన్న అపోహ ఒకటి ఉంది. హనఫీ పద్ధతిలో ఏడాది మొదట్లోనూ చివరిలోనూ నిసాబ్ ఉంటే చాలు. మధ్యలో మొత్తం తగ్గినా, పూర్తిగా సున్నాకు చేరనంత వరకు ఏడాది తెగదు. తేదీకి వారం ముందు వచ్చిన డబ్బు కూడా అదే లెక్కలో కలుస్తుంది. ఆ తేదీకి ముందే ఖర్చయిపోయిన డబ్బుపై జకాత్ లేదు.

3. ఎవరి ఆస్తి వారి పేజీలో రాయండి

జకాత్ మనిషికి వర్తిస్తుంది, ఇంటికి కాదు. ఉమ్మడి కుటుంబాలు, ఒకే వంట, ఒకే గల్లాపెట్టె ఉన్న డెల్టా ఇళ్ళలో ఈ ఒక్క నియమమే లెక్కను తలకిందులు చేస్తుంది. తండ్రి పేరిట ఒకటి, తల్లికి ఒకటి, సంపాదిస్తున్న ప్రతి కొడుకుకూ కూతురుకూ ఒక్కొక్కటి, కోడలికి ఒకటి చొప్పున వేర్వేరు జాబితాలు ఉండాలి. కువైట్‌లో ఉన్న కొడుకు తన దగ్గరున్న దీనార్లను, ఇక్కడి ఖాతాలో తన సొమ్ముగా దాచినదానిని కలిపి తన జాబితాలో రాసుకుంటాడు. ఇంటి ఖర్చుకని తల్లిదండ్రులకు ఇచ్చేసినది వారిదైపోతుంది.

భార్యకు పుట్టింటివారు పెట్టిన నగలు, చేతికి అందిన మహర్ (నికాహ్‌లో భర్త ఇవ్వవలసిన సొమ్ము) ఆమె సొత్తు. వాటి మీద జకాత్ బాధ్యత ఆమెదే. భర్త ఆమె అనుమతితో ఆమె తరఫున చెల్లించవచ్చు, చాలా ఇళ్ళలో జరిగేదీ అదే. కానీ ఆమెకు తెలియకుండా, చెప్పకుండా ఇచ్చేస్తే అది ఆమె జకాత్‌గా చెల్లదు. ఇంకా అందని మహర్‌పై, అది చేతికి వచ్చే వరకు, ఆమె జకాత్ లెక్కించనక్కర్లేదు.

యుక్తవయసు రాని పిల్లల పేరిట ఉన్న నగదు, బంగారంపై హనఫీ పద్ధతిలో జకాత్ లేదు. మిగిలిన మూడు మద్హబులలో ఉంది. అయితే "అమ్మాయి పెళ్ళికి" అని కొని, ఆమెకు ఇంకా ఇవ్వకుండా తల్లి తన దగ్గరే ఉంచుకున్న బంగారం తల్లిదే. మనసులో అనుకున్నంత మాత్రాన యాజమాన్యం మారదు.

4. నిసాబ్ దాటిందా చూడండి

- బంగారం నిసాబ్: ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు.
- వెండి నిసాబ్: యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు.

కొందరు పండితులు దిర్హం, దీనారు తూకాన్ని వేరుగా లెక్కించి 85 గ్రాముల బంగారం, 595 గ్రాముల వెండి అంటారు. మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించేది తులాల లెక్కే.

నగదుకూ వ్యాపార సరుకుకూ, లేదా రకరకాల సంపద కలిసి ఉన్నప్పుడూ వెండి నిసాబ్ విలువనే కొలబద్దగా తీసుకుంటారు. ఆ రోజు వెండి ధరను 612.36తో గుణించండి. ఉదాహరణకు గ్రాము వెండి 200 రూపాయలు అనుకుంటే నిసాబ్ 1,22,472 రూపాయలు అవుతుంది. ధర రోజూ మారుతుంది కనుక నిరుటి అంకెను వాడకండి.

ఇక అందరినీ తికమకపెట్టే పది కాసుల ప్రశ్న. కాసుకు ఎనిమిది గ్రాముల చొప్పున పది కాసులు 80 గ్రాములు. ఒక స్త్రీ దగ్గర ఈ బంగారం తప్ప వెండి, నగదు, సరుకు ఏవీ లేకపోతే, 87.48 గ్రాములకు చేరలేదు కనుక జకాత్ లేదు. అదే స్త్రీ దగ్గర అవసరాలకు మించి రెండు మూడు వేల రూపాయల నగదో, ఒక జత వెండి పట్టీలో ఉంటే అన్నింటినీ రూపాయల్లోకి మార్చి కలుపుతారు; ఆ మొత్తం వెండి నిసాబ్‌ను ఎప్పుడో దాటేసి ఉంటుంది, కనుక జకాత్ తప్పనిసరి. కాలికి వెండి పట్టీలు, డబ్బాలో కాస్త డబ్బు లేని ఇల్లాలు అరుదు. కాబట్టి "మాది పది కాసులే, ఏడున్నర తులాలు లేవు" అన్న సమాధానం దగ్గర ఆగిపోకండి.

5. జాబితా రాయండి

రాయవలసినవి:

- ఇంట్లో, బీరువాలో, దుకాణం గల్లాలో ఉన్న నగదు
- బ్యాంకు నిల్వ, ఫిక్స్‌డ్ డిపాజిట్ల అసలు
- బంగారం, వెండి: నగలు, నాణేలు, బిస్కెట్లు
- అమ్మకానికి ఉంచిన సరుకు
- ఇతరుల నుంచి రావలసిన ఖాయమైన బాకీలు
- చీటీలకు కట్టిన సొమ్ము
- తిరిగి అమ్మాలన్న ఉద్దేశంతోనే కొన్న స్థలం, ఆనాటి మార్కెట్ ధరకు

రాయనక్కర్లేనివి:

- ఉంటున్న ఇల్లు, అద్దెకిచ్చిన ఇల్లు (మిగిలిన అద్దె డబ్బు మాత్రం నగదులో కలుస్తుంది)
- సాగుభూమి, చెరువు గట్లు, తోట
- బండి, ట్రాక్టరు, మిల్లు యంత్రాలు, ఏరియేటర్లు, మోటార్లు
- దుకాణం బీరువాలు, కాటా, ఫ్రిజ్
- తిండికి దాచుకున్న ధాన్యం
- ముత్యాలు, రాళ్ళు (అమ్మకానికి పెట్టినవి కాకపోతే)

కొన్ని అంశాలపై వివరంగా చెప్పాలి.

బంగారం: తొడుక్కునే నగలైనా, లాకరులో ఉన్నవైనా హనఫీ పద్ధతిలో జకాత్ ఉంది. మిగిలిన మూడు మద్హబులలో వాడుకలో ఉన్న నగలకు సాధారణంగా మినహాయింపు ఉంది. రాళ్ళు, పూసల బరువు తీసివేసి నికర తూకం రాయండి. ఆ రోజు 22 క్యారెట్ల ధరతో విలువ కట్టండి. కొన్నప్పటి ధర, తరుగు, మజూరీ ఈ లెక్కలోకి రావు.

తాకట్టు బంగారం: పంట పెట్టుబడికి నగలు కుదువపెట్టడం డెల్టాలో ఏటా జరిగే పని. హనఫీ గ్రంథాలలో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం తాకట్టులో ఉన్నంత కాలం ఆ నగపై జకాత్ లేదు. యజమాని చెల్లించాలనే పండితులూ ఉన్నారు. నగను జాబితా నుంచి తప్పించి, దాని మీద తెచ్చిన అప్పును కూడా మిగతా సొమ్ములోంచి తీసివేయవచ్చా అన్న ప్రశ్నను మీ సొంత కాగితాలతో ముఫ్తీ (ధర్మ నిర్ణయం చెప్పే పండితుడు) దగ్గరకు తీసుకెళ్ళండి. జకాత్ తేదీకి నాలుగు రోజుల ముందు నగను కుదువపెట్టి ఆ తరువాత విడిపించుకోవడం ఏ పండితుడూ హర్షించే పని కాదు.

రొయ్యలు, చేపలు: భీమవరం, ఆకివీడు వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అమ్మడానికే పిల్లను కొని చెరువులో వదిలారు కనుక అది వ్యాపార సరుకు; దీనికి పంట లెక్క కాక రెండున్నర శాతమే వర్తిస్తుంది. జకాత్ తేదీ నాటికి చెరువులో పెరుగుతున్న సరుకుకు విలువ కట్టాలి. వల వేసి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చూసి, మొత్తం ఎన్ని కిలోలు ఉంటుందో అంచనా వేసి, ఆ రోజు ఆ కౌంట్‌కు చెరువు గట్టు మీద పలికే ధరతో గుణించండి. పట్టుబడి తరువాత ఎంత వస్తుందోనని ఎదురుచూడనక్కర్లేదు. తేదీ తరువాత వైరస్ వచ్చి, చెల్లించకముందే సరుకంతా పోతే, పోయిన సరుకు మేరకు జకాత్ కూడా పోతుంది. మేత వ్యాపారికి ఉన్న బాకీని ఆరవ అంశంలో తీసివేయండి.

చీటీలు: ఇంకా పాడుకోని చీటీకి ఇప్పటివరకు కట్టిన సొమ్ము ఇతరుల దగ్గర మీకున్న బాకీలాంటిది కనుక రాయాలి. పాడుకున్న తరువాత ఇంకా కట్టవలసిన వాయిదాలు మీ అప్పు. పాటలో వదులుకునే తగ్గింపు ధర్మబద్ధమా అన్నది వేరే చర్చ.

వడ్డీ: బ్యాంకు జమ చేసిన వడ్డీ జకాత్ సొమ్ములో కలవదు, దానితో జకాత్ చెల్లించడమూ కుదరదు. పుణ్యం ఆశించకుండా ఆ మొత్తాన్ని పేదలకు ఇచ్చివేయాలని పండితులు చెబుతారు. పాస్‌పుస్తకంలో ఆ వరుసలను వేరుగా గుర్తు పెట్టుకోండి.

స్థలం: "ధర వస్తే అమ్ముదాం, లేకపోతే ఇల్లు కట్టుకుందాం" అన్న ఊగిసలాటతో కొన్న స్థలంపై జకాత్ లేదు. అమ్మకమే ఉద్దేశమైతే ఏటా ఉంది.

పశువులు: పాడి కోసం ఇంట్లో కట్టేసి మేపే రెండు మూడు గేదెలకు ఏమీ లేదు. పశువుల జకాత్ ఏడాదిలో ఎక్కువ భాగం బయట మేసి బతికే మందకు, అదీ ముప్పై ఆవులో గేదెలో ఉన్నప్పుడు మొదలవుతుంది.

6. అప్పులు తీసివేయండి

వెంటనే తీర్చవలసిన బాకీలన్నీ తీసివేయవచ్చు: టోకు వ్యాపారికి ఇవ్వవలసినది, చేబదులు, కూలీల బకాయి, గడువు దాటిన కరెంటు బిల్లు, పాడుకున్న చీటీ వాయిదాలు.

ఇంటి రుణంలాంటి దీర్ఘకాలిక అప్పు విషయంలో పదిహేనేళ్ళ మొత్తాన్ని ఒకేసారి తీసివేసి "నా మీద జకాత్ లేదు" అనడం సరికాదు. ప్రస్తుతం చెల్లించవలసిన వాయిదాలనే తీసివేయాలని నేటి పండితులలో చాలామంది చెబుతారు; ఏడాది వాయిదాల వరకు అనుమతించేవారూ ఉన్నారు. షాఫయీ పద్ధతిలో అప్పు ఉన్నా జకాత్ తగ్గదు.

మీకు రావలసిన బాకీలలో ఖాయంగా వచ్చేవాటిని జాబితాలో కలపండి. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యం అమ్మి, డబ్బు ఇంకా ఖాతాలో పడకపోయినా అది మీ సొమ్మే. కావాలంటే దాని జకాత్‌ను వసూలయ్యాక చెల్లించవచ్చు. తీసుకున్నవాడు కాదంటున్న, సాక్ష్యం లేని బాకీని రాయనక్కర్లేదు.

7. ఒక ఇంటి లెక్క

రావులపాలెం పరిసరాల్లో కిరాణా కొట్టు నడిపే ఒక దంపతులను ఊహించుకుందాం. అంకెలు, ధరలు లెక్క చూపడానికి అనుకున్నవే.

భర్త జాబితా:

- నగదు: 40,000
- బ్యాంకు నిల్వ 1,85,000లో వడ్డీ 5,000 పోగా: 1,80,000
- కొట్టులో సరుకు, అమ్మకపు ధరకు: 3,60,000
- ఖాతాదారుల నుంచి ఖాయంగా వచ్చేది: 60,000
- పాడని చీటీకి కట్టినది: 1,00,000
- మొత్తం: 7,40,000

తీసివేతలు: టోకు వ్యాపారికి 90,000, చేబదులు 30,000, ఈ నెల బండి వాయిదా 4,000, వెరసి 1,24,000. మిగిలేది 6,16,000. దీనిని నలభైతో భాగిస్తే 15,400 రూపాయలు.

భార్య జాబితా: రాళ్ళు పోగా 80 గ్రాముల బంగారం, గ్రాముకు 12,000 అనుకుంటే 9,60,000; సొంత నగదు 3,000. మొత్తం 9,63,000. నలభైతో భాగిస్తే 24,075 రూపాయలు.

సంపాదన లేని ఇల్లాలి జకాత్ కొట్టు యజమాని జకాత్ కంటే ఎక్కువ వచ్చింది. ఇది అరుదైన సంగతేమీ కాదు, బంగారం ధర పెరిగినకొద్దీ ఎక్కువ ఇళ్ళలో ఇలాగే తేలుతుంది. ఆమె ముందున్న దారులు మూడు: భర్త ఇష్టపూర్వకంగా ఆమె తరఫున ఇవ్వడం, నెలకు రెండు వేల చొప్పున ముందుగానే ఇస్తూ వచ్చి ఏడాది చివర తేడా సరిచేయడం, లేదా చిన్న నగ ఒకటి అమ్మి చెల్లించడం. నిసాబ్ ఉన్నవారు జకాత్‌ను గడువుకు ముందే ఇవ్వవచ్చు కనుక, నెలసరి పద్ధతే ఎక్కువమందికి అనుకూలమని నా అభిప్రాయం.

8. పంట మీద ఉష్ర్

దీనికి ఏడాది గడవడంతో పని లేదు. కోసిన రోజునే దాని హక్కు ఇవ్వమని ఖురాన్ (6:141) ఆదేశం. సార్వాకు ఒకసారి, దాళ్వాకు (రబీ) మరోసారి లెక్క వేయాలి.

భారతదేశంలోని భూములు ఉష్ర్ వర్తించే భూములేనా అన్నదానిపై పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. ముఖ్యంగా ముస్లిమేతరుల నుంచి కొన్న భూమి విషయంలో. మీ భూమి ఎలా వచ్చిందో చెప్పి స్థానిక ముఫ్తీ అభిప్రాయం తీసుకోండి. చాలామంది జాగ్రత్త కోసం ఇవ్వడమే మేలంటారు.

శాతం ఎంత అన్నది నీటిని బట్టి ఉంటుంది. వర్షాధారమైతే పది శాతం. ఖర్చుతో తెచ్చుకున్న నీరైతే ఐదు శాతం. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటికి తీరువా కడుతున్నాం కనుక, అలాగే బోరు, ఆయిల్ ఇంజను నీటికి ఖర్చు పెడుతున్నాం కనుక ఐదు శాతం లెక్క వర్తిస్తుంది. సార్వాలో వాన, కాలువ రెండూ ఉంటాయి. పంటను ఎక్కువగా ఏది పండించిందో దానిని బట్టి నిర్ణయించండి. దాళ్వాలో ఈ ప్రశ్నే రాదు.

కనీస పరిమాణం: హనఫీ మద్హబ్‌కు మూలపురుషుడైన ఇమాం అబూ హనీఫా అభిప్రాయంలో పంట ఎంత తక్కువైనా ఉష్ర్ ఉంది. ఆయన శిష్యులిద్దరూ, మిగిలిన ఇమాములూ ఐదు వసఖులను (పాత అరబ్బు కొలత) పరిమితిగా చెప్పారు. ఇది సుమారు 653 కిలోలని ప్రసిద్ధమైన లెక్క. మన 75 కిలోల బస్తాలలో తొమ్మిదికి కాస్త తక్కువ.

ఖర్చులు తీసివేయకూడదు. విత్తనం, ఎరువు, కోత మిషన్ బాడుగ, కూలీలకు కొలిచిన ధాన్యం, ఇవన్నీ పోగా మిగిలినదానిపై ఇస్తామనడం హనఫీ పద్ధతిలో చెల్లదు. నీటి ఖర్చు కోసమే పది శాతం ఐదుకు తగ్గింది. మూడెకరాల్లో తొంభై బస్తాలు పండితే ఐదు శాతం చొప్పున నాలుగున్నర బస్తాలు. ధాన్యమే ఇవ్వవచ్చు, దాని ధరనూ ఇవ్వవచ్చు.

కౌలు: పంటను వాటాలుగా పంచుకునే ఒప్పందమైతే ఎవరి వాటాపై వారిది. ఇంత డబ్బు, ఇన్ని బస్తాలు అని స్థిరంగా కౌలు ఇచ్చే చోట అబూ హనీఫా మాటలో బాధ్యత భూయజమానిది, శిష్యుల మాటలో కౌలు రైతుది. పంట అతనిదే కనుక కౌలు రైతే ఇవ్వాలని ఎక్కువమంది ఫత్వా ఇస్తారు. కౌలు బస్తాలను ముందే పక్కనపెట్టి మిగిలినదానికి మాత్రమే ఉష్ర్ కట్టడం ఇక్కడ జరిగే పొరపాటు.

కోనసీమ కొబ్బరి: అబూ హనీఫా అభిప్రాయం ప్రకారం కొబ్బరికీ ఉష్ర్ ఉంది. ప్రతి దింపుకీ కాయలు లెక్కపెట్టిన రోజునే ఐదో పదో శాతం రాసిపెట్టుకోండి. ఏడాది చివర గుర్తు తెచ్చుకుందామంటే కుదరదు. ఇతర మద్హబులను పాటించేవారికి నిల్వ ఉండే ఆహార ధాన్యాలకే ఈ నియమం వర్తించవచ్చు కనుక అడిగి తెలుసుకోండి. అంబాజీపేటలో కాయలు కొని అమ్మే వ్యాపారికి ఉష్ర్ లేదు, అతని సరుకు మొదటి పేజీలోకి వెళుతుంది.

9. ఎవరికి ఇవ్వవచ్చు

ఖురాన్ (9:60) ఎనిమిది వర్గాలను పేర్కొంది: నిరుపేదలు, అక్కరలో ఉన్నవారు, జకాత్ వసూలుకు నియమితులైనవారు, హృదయాలు గెలుచుకోవలసినవారు, బానిసత్వం నుంచి విడుదల కావలసినవారు, అప్పులపాలైనవారు, అల్లాహ్ మార్గంలో ఉన్నవారు, దారిలో చిక్కుకున్న బాటసారులు. మన ఊళ్ళలో ఆచరణకు వచ్చేవి చాలావరకు మొదటి రెండూ, అప్పులవారిదీ.

సొంత ఇల్లు, పనికి వెళ్ళే బండి ఉన్నంత మాత్రాన మనిషి అనర్హుడు కాడు. అవసరాలకు మించి నిసాబ్ విలువైన ఆస్తి ఉందా లేదా అన్నదే చూడాలి. పంట మునిగి అప్పులో కూరుకుపోయిన కౌలు రైతు అడగడానికి సిగ్గుపడతాడు; అటువంటివారిని మీరే వెతకాలి.

ఇవ్వదగినవారు (అర్హులైతే): అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బాబాయిలు, మేనత్తలు, మేనమామలు, వారి పిల్లలు, అల్లుడు, కోడలు. బంధువుకు ఇస్తే దానంతోపాటు బంధుత్వాన్ని నిలిపిన పుణ్యమూ ఉంటుందని హదీసు.

ఇవ్వకూడనివారు:

- తల్లిదండ్రులు, తాతయ్యలు, నాయనమ్మ, అమ్మమ్మ
- కొడుకులు, కూతుళ్ళు, మనవలు
- భార్య లేదా భర్త
- సయ్యద్‌లు, అంటే ప్రవక్త వంశీకులు (వారికి గౌరవపూర్వకంగా ఇతర సొమ్ముతో సాయం చేయాలి)
- నిసాబ్ ఉన్నవారు

జకాత్ ముస్లిం పేదలకు చెందినదన్నది సాధారణ అభిప్రాయం. గోదావరి వరదలకు లంక గ్రామాలు మునిగినప్పుడు కులమత భేదం లేకుండా ఇచ్చే సాయానికి సదఖా (స్వచ్ఛందంగా ఇచ్చే దానం) సొమ్మును వాడండి. దానికి ఏ పరిమితీ లేదు.

మసీదు నిర్మాణం, శ్మశానం గోడ, రోడ్డు, బోరు, కఫన్ (శవవస్త్రం) ఖర్చు వంటివాటికి జకాత్ చెల్లదు. ఎందుకంటే ఒక అర్హుడైన మనిషి ఆ సొమ్ముకు యజమాని కావాలి. మదరసాకు ఇచ్చేటప్పుడు అది పేద విద్యార్థుల ఖాతాలోకి వెళుతుందో, భవనానికీ జీతాలకూ వెళుతుందో అడిగి, రసీదుపై "జకాత్" అని రాయించుకోండి. రంజాన్‌లో దూర ప్రాంతాల నుంచి వచ్చే సఫీర్ల (మదరసాల తరఫున చందాలు వసూలు చేసేవారి) విషయంలోనూ ఇదే జాగ్రత్త. మీ ఊళ్ళోనే ఆకలి ఉండగా, బంధువులకో మరింత అక్కరలో ఉన్నవారికో తప్ప, బయటికి పంపడం మంచిది కాదు.

10. ఇచ్చేటప్పుడు పాటించవలసినవి

- ఇచ్చేటప్పుడో, సొమ్మును వేరుచేసేటప్పుడో మనసులో జకాత్ సంకల్పం ఉండాలి. పుచ్చుకునేవారికి "ఇది జకాత్" అని చెప్పనక్కర్లేదు; పండుగ కానుక అని చేతిలో పెట్టవచ్చు.
- ఫోన్‌పే ద్వారా పంపినా చెల్లుతుంది, సొమ్ము అతని ఖాతాలో పడి అతను వాడుకోగలగాలి.
- అప్పులు లేని ఒక్క మనిషికి నిసాబ్ అంత మొత్తం ఒకేసారి ఇవ్వడం మంచిది కాదు. కనీసం ఒక రోజుకు చేయి చాచనక్కర్లేనంత ఇవ్వండి.
- బీరువాలో వేరు చేసినంత మాత్రాన జకాత్ తీరదు. అర్హుని చేతికి చేరాలి.

సరిచేసుకోవలసిన అలవాట్లు కొన్ని ఉన్నాయి. పేదవాడు మీకివ్వవలసిన అప్పును "వదిలేశాను, అదే నా జకాత్" అంటే చెల్లదు. అతనికి జకాత్ సొమ్ము చేతికిచ్చి, అది పూర్తిగా అతనిదయ్యాక, అతను ఇష్టపడి అప్పు తీరిస్తే సరిపోతుంది. పాలేరుకూ పనిమనిషికీ జీతంలో భాగంగా, బోనస్‌గా ఇచ్చినది చెల్లదు. జీతం పూర్తిగా ఇచ్చిన తరువాత, అర్హులైతే, వేరుగా ఇవ్వాలి. ఇఫ్తార్ విందులో కూర్చోబెట్టి పెట్టిన భోజనం జకాత్ కిందికి రాదు. సరుకుల సంచి ఇంటికి ఇస్తే వస్తుంది. చీరలు పంచితే వాటి నిజమైన ధరనే రాసుకోండి. అమ్ముడుపోని పాత సరుకును పూర్తి ధరకు లెక్కగట్టి పంచడం పేదవాడి హక్కును తగ్గించడమే.

11. ఫిత్రా

నిసాబ్ విలువ ఉన్న ప్రతి వ్యక్తీ పండుగ నాటి తెల్లవారుజాముకు తనకూ, తన చిన్న పిల్లలకూ ఇవ్వాలి; అప్పటికి పుట్టిన శిశువుకు కూడా. దీనికి ఏడాది గడవాలన్న షరతు లేదు. గోధుమ లెక్కన అర సా (సా అన్నది పాత అరబ్బు కొలత), అంటే సుమారు ఒకటి ముప్పావు కిలోల ధర. ఖర్జూరం, ఎండుద్రాక్ష లెక్కన ఒక సా. ఇతర మద్హబులలో ప్రధాన ఆహారం, మనకైతే బియ్యం, ఒక సా ఇస్తారు. ఇది రెండున్నర నుంచి మూడు కిలోలు. స్థోమత ఉన్నవారు ప్రతిసారీ గోధుమ ధరకే పరిమితం కానవసరం లేదు. నమాజుకు ముందే చేరవేయాలి. పేదవాడికి పండుగ సరుకు కొనుక్కునే వ్యవధి ఉండేలా రెండు మూడు రోజుల ముందు ఇస్తే ఇంకా మంచిది.

12. గత సంవత్సరాల బాకీ ఉంటే

కట్టని జకాత్ కాలం గడిచినంత మాత్రాన రద్దు కాదు. పాత ఏళ్ళ ఆస్తిని పాస్‌పుస్తకాలు, నగల రసీదులు, చీటీ పుస్తకాల సాయంతో అంచనా వేయండి. సందేహం ఉన్న చోట కాస్త ఎక్కువ వైపే మొగ్గండి.

బంగారానికి గ్రాముల్లో లెక్క వేయడం తేలిక. ఏడో అంశంలోని ఇల్లాలు మూడేళ్ళు చెల్లించలేదనుకోండి. మొదటి ఏడాది 80 గ్రాములకు 2 గ్రాములు. ఆ రెండు గ్రాములు అప్పటికే బాకీ కనుక రెండో ఏడాది 78కి 1.95 గ్రాములు. మూడో ఏడాది 76.05కి సుమారు 1.90 గ్రాములు. వెరసి 5.85 గ్రాముల బంగారం, లేదా ఈ రోజు దాని ధర.

మొత్తం ఒకేసారి ఇవ్వలేకపోతే నెలవారీగా ఇవ్వండి. ఎంత మిగిలిందో నోటు పుస్తకంలో రాసి ఉంచండి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో మరొకరికి చెప్పి, ఆ బాకీని వీలునామాలో కూడా చేర్చండి. వీలునామాలో ఉంటే వారసులు మీ ఆస్తిలో మూడో వంతు వరకు దానికి వెచ్చించి తీర్చవలసి ఉంటుంది. రాయకపోతే అది వారి ఇష్టానికే వదిలిపెట్టినట్టవుతుంది.